గడ్డిలో దాచిన పలకలు

మార్కాపురంలో నేను బిల్లులు కొట్టే పలకల దుకాణం యజమానిని అందరూ పెదనాయనా అనే పిలిచేవారు. ఏ వస్తువునైనా వేలి కణుపుతో తట్టి చెవి పెట్టడం ఆయన అలవాటు. మంచి పలక ఖంగుమంటుంది, పగిలింది మొద్దుగా పలుకుతుంది.

ఒక ఏడాది మా కంప్యూటర్‌లో ఒక బిల్లు తెరుచుకునేలోపు లారీ డ్రైవర్ టీ తాగి వచ్చేవాడు. పెదనాయన కొడుకు నన్నే తప్పుపట్టాడు. "ఈ పిల్ల చేయి నిదానం నాయనా. ఇంకొకరిని పెట్టుకుందాం."

పెదనాయన వచ్చి కంప్యూటర్ డబ్బాను తట్టారు. "పిల్లది కాదురా, పగులు దీంట్లో ఉంది."

రిపేరు చేసే అతను చూసి, "పాత ఏండ్ల బిల్లులన్నీ మోస్తాంది పెదనాయనా. వేరే డిస్కులోకి తీసేస్తే పరిగెత్తుతాది," అన్నాడు.

బడి పలకల అమ్మకాలన్నీ ఆ పాత బిల్లుల్లోనే ఉన్నాయి. ఇప్పుడు మేం అమ్మేది నేల బండలే. రోజూ మధ్యాహ్నం ఆయన ఆ బిల్లులు నాచేత చదివించుకునేవారు. ఆయన నా వైపు ఒకసారి చూసి, రిపేరు అతనితో, "తీసెయ్ నాయనా," అన్నారు.

ఆ డిస్కును పలకలు సర్దినట్టే చెక్కపెట్టెలో గడ్డి మధ్య పెట్టారు.

మర్నాడు బిల్లు నొక్కగానే వచ్చింది. కొడుకు తర్వాతి లారీ లెక్క తెచ్చి నా ముందే పెట్టాడు. మధ్యాహ్నం పెదనాయన అలవాటుగా నా పక్కకు కుర్చీ జరుపుకుని, పాత బిల్లులు తీసేసిన సంగతి జ్ఞాపకం వచ్చి ఆగిపోయారు.

అవన్నీ నాకు నోటికి వచ్చు.

"కనిగిరికి పెద్ద పలకలు, తర్లుపాడుకు చిన్నవి..." అని మెల్లగా మొదలుపెట్టాను.

ఆయన నా బల్లను కణుపుతో తట్టి, చెవి పెట్టారు.