లాభం, రెండు, మూడు

పుంగనూరు పోయే దోవలో ఎవరో తారురోడ్డు మీదే రాగులు ఆరబోశారు. ఆ పొట్టు వాసన బస్సు కిటికీలోంచి రాగానే నాకు అవ్వ కెలికిన సంగటి కాదు, తాత లెక్క గుర్తొచ్చింది.

మాది చౌడేపల్లె దగ్గర పల్లె. కోతలయ్యాక కల్లంలో గడ్డి మీద దొర్లి ఒళ్ళంతా దురదలు తెచ్చుకుని, కాల్చిన చెనిక్కాయలు ఒళ్ళో పోసుకుని పిల్లలమంతా తాత చుట్టూ చేరేవాళ్ళం. ఊరందరి రాగులూ ఆయనే సేరుతో కొలిచేవాడు. మొదటి సేరుని ఒకటి అనకూడదు, లాభం అనాలి. ఆ తర్వాతే రెండు, మూడు. గోడగడియారం టిక్కుటిక్కుకి సరిపోయేంత సమంగా సాగేది ఆ గొంతు.

తొమ్మిదో తరగతిలో ఫిజిక్సు సారు, పడే రాయి వేగం సెకను సెకనుకీ ఎంత పెరుగుతుందో సొంతంగా కొలిచి, పుస్తకంలోని తొమ్మిది పాయింటు ఎనిమిదికి ఎవరు దగ్గరగా తెస్తే వాళ్ళని మదనపల్లె సైన్సు ప్రదర్శనకి తీసుకుపోతానన్నాడు. ఒక్కరికే చోటు. బడికున్న ఒక్క స్టాప్‌వాచీ బీరువాలో ఉండేది, బీరువా తాళం యాడుందో దేవుడికే ఎరుక. అందుకే సారు పెట్టిన గడువుకి ముందురోజు సాయంత్రం తాతని బావి దగ్గరికి లాక్కుపోయాను. తాడేసి కొలిస్తే నీళ్ళ దాకా ఇరవై మీటర్లు.

రాయి వదిలాను. "లాభం" అన్నాడు తాత. రెండు. మూడు అనేసరికి బుడుంగుమంది. దూరాన్ని రెండింతలు చేసి, మూడుమూళ్ళ తొమ్మిదితో భాగించాను. నాలుగు పాయింటు నాలుగు! మళ్ళీ వదిలితే మళ్ళీ అంతే. పొద్దు గూకుతోంది. ఐదోసారికి వెలిగింది: రాయి వదిలే క్షణమే ఆయనకి ఒకటి. మూడు అనేసరికి గడిచింది రెండు సెకన్లే.

"తాతా, సున్నా నుంచి మొదలుపెట్టు."

"లాభం అనకుండా యాడన్నా లెక్క పెడతారా అమ్మా? సున్నా అంటే గాదె నిండుతాదా?"

"నీకు లెక్కే రాదు!" అని అరిచేశాను.

తాత ఇంకో రాయి ఏరి నా చేతిలో పెట్టాడు. "ఎయ్యి రాయి" అన్నాడు. సున్నా, ఒకటి, రెండు. బుడుంగ్. లెక్క పది తేలింది. మదనపల్లెకి నేనే పోయాను, నేల మీద కాలు నిలవలేదు.

ఆ ఏడు కల్లంలో మొదటి సేరు నిండింది. అందరూ లాభం అనే మాట కోసం చూస్తున్నారు. తాత నోరు తెరిచి, నా వైపు చూసి ఆగిపోయాడు. సేరు పక్కింటాయన చేతిలో పెట్టాడు. "నువ్వు కొలువప్పా, నాకు లెక్క రాదంట."

ఇప్పుడు బావి పూడిపోయింది. రాగులకి కాటాలొచ్చాయి. నేను ఫిజిక్సు చెప్పుకుని బతుకుతున్నాను, మా బడి పిల్లలు ఫోను నొక్కి నిమిషంలో సరైన లెక్క తెస్తారు. తాత మాత్రం ఆ తర్వాత సేరు ముట్టలేదు. తప్పయింది తాతా అని నేను చెప్పనూ లేదు.