ఆయిల్ క్లచ్ జీపులో చిలమత్తూరు నుంచి గుత్తికి

గుత్తిలో పొద్దున ఆరున్నరకు రావాల్సిన ప్యాసింజరు ఏడుకు వచ్చింది. నేను, మా మరిది ఓబులేసు ఒకే పెట్టె ఎక్కాం కానీ పక్కపక్కన కూర్చోలేదు. అతను తలుపు దగ్గర నిలబడ్డాడు. నేను కిటికీ పక్కన చోటు చూసుకున్నాను. వారం రోజులుగా మా ఇద్దరికీ మాటల్లేవు.

గొడవ చీనీ తోట గురించి, అంటే బత్తాయి తోట. అది అన్నదమ్ములిద్దరికీ ఉమ్మడి తోట. చలికాలం పోకముందే బోరు ఎండిపోతే, దూరంగా ఉన్న వేరేవాళ్ళ బోరు నుంచి జీపుకు ట్యాంకు తగిలించి నేనే నీళ్ళు తోలుతూ వచ్చాను. మా ఆయనకు చూపు సరిగా ఆనదు, అందుకని మా ఇంట్లో బండి నడిపేది నేనే. సరిగ్గా ఎండలు ముదిరే వేళకు జీపు ఇంజను పూర్తిగా పోయింది. చెట్లు ఆకులు ముడుచుకున్నాయి. ఇక లాభం లేదని ఓబులేసు తాడిపత్రి కట్టెల వ్యాపారికి మాట ఇచ్చేశాడు. మేం రైలెక్కిన మర్నాడు పొద్దుగూకే ముందు లారీ వస్తుంది. ఆలోపు జీపు ఇంటికొస్తే తోట ఉంటుంది, లేకుంటే కొట్టేస్తారు. మా ఆయన చెప్పిన తీర్పు ఇది. ఇద్దరికీ ఒకే తీర్పు కాబట్టి ఇద్దరినీ కలిపే పంపాడు.

జీపు చిలమత్తూరులో ఖాదర్ షెడ్డులో ఉంది. ఎక్కడో నుజ్జయిన పికప్ బండి డీజిల్ ఇంజను తెచ్చి దాంట్లో కూర్చోబెట్టాడు ఖాదర్. ఇంజను బాగానే పలికింది. చిక్కంతా క్లచ్ దగ్గర వచ్చింది. పాత ఏర్పాటులో పెడల్ తొక్కితే ఒక ఇనుప వైరు క్లచ్‌ను లాగేది. కొత్త ఇంజను పొగగొట్టం సరిగ్గా ఆ వైరు పోయే దారిలోకి వచ్చింది. వేడికి రెండు వైర్లు తెగాయి. తెగకముందు కూడా పెడల్ నా కాలికి లొంగేంత మెత్తగా లేదు. వైరు తీసేసి, బ్రేకుల్లో లాగా ఆయిల్‌తో నడిచే క్లచ్ పెడదామన్నాడు ఖాదర్. రెడీమేడ్ సెట్టు మా తాహతుకు అందదు. పాత సామాన్లు ఏరి కట్టాలి, పెడల్ నా కాలికి కుదరాలి, కాబట్టి నన్నూ రమ్మన్నాడు.

అనంతపురంలో ఒకామె ఎక్కి నా పక్కన కూర్చుంది. ధర్మవరంలో పట్టుచీరలు నేసే మనిషి. ఏం పని మీద పోతున్నానని అడిగితే చెప్పాను. ఆమె నా పాదాల వైపు చూసింది.

"మగ్గమైనా బండైనా తొక్కేది కాలే గదమ్మా. దారం తెగబోతాందని నాకు ముందు కాలే చెప్తాది," అని ధర్మవరంలో దిగిపోయింది.

హిందూపురంలో దిగి స్టేషను బయట ఉగ్గాణి, బజ్జీ తిన్నాం. ఓబులేసు నా ప్లేటుకు కూడా తనే డబ్బులిచ్చాడు. లేపాక్షి మీదుగా పోయే బస్సులో చిలమత్తూరు చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట.

ఖాదర్ రెండు పాత సిలిండర్లు కడిగి గుడ్డ మీద పెట్టుకున్నాడు. ఒకటి పైన పెడల్ దగ్గర, ఇంకొకటి కింద గేర్‌బాక్స్ దగ్గర ఉంటుంది. మధ్యలో సన్నటి పైపు, దాన్నిండా బ్రేక్ ఆయిల్. పెడల్ తొక్కితే పైది ఆయిల్‌ను తోస్తుంది, ఆ తోపుకు కిందిది క్లచ్‌ను విడదీస్తుంది. చెప్పడానికి ఇంతే. కింది సిలిండర్‌కు ఆనికగా ఒక ఇనుప ముక్క కోసి వెల్డింగ్ చేసేసరికే నాలుగయింది. తర్వాత పైపులో గాలి తీయాలి. నేను పెడల్ తొక్కిపట్టుకుంటే ఖాదర్ కింద పడుకుని మర వదులు చేస్తాడు, బుడగలతో ఆయిల్ కారుతుంది, మళ్ళీ బిగిస్తాడు. నా తొడ నరాలు లాగేదాకా అదే పని.

బుడగలు ఆగాయి. ఇంజను నడిపించి గేరు వేస్తే కరకరమంది. క్లచ్ పూర్తిగా విడిపోవటం లేదు. సిలిండర్ల కొలతలు జత కుదరలేదేమోనని ఖాదర్ దిగులుపడ్డాడు. వేరేవి కావాలంటే బెంగళూరు పోవాలి, అంటే మర్నాడు ఇల్లు చేరేది లేనట్టే.

ఓబులేసు బానెట్ దగ్గర నిలబడి ఉన్నాడు. వారం తర్వాత నాతో ఆడిన మొదటి మాట అప్పుడు వచ్చింది.

"వదినా, ఇంగోసారి తొక్కు."

తొక్కాను.

"రేకు ముందుకొస్తాండాది ఖాదరూ. ఆమె తొక్కేదాంట్లో సగం రేకే మింగుతాండాది."

నిజమే. పై సిలిండర్‌ను బిగించిన రేకు పాతది, పలచనిది. తొక్కినప్పుడల్లా అది వంగుతోంది. ఖాదర్ నెత్తి కొట్టుకుని, మందపాటి ఇనుప పలక వెతకడానికి లేచాడు. అంతలో కరెంటు పోయింది. ఆ రాత్రి ఖాదర్ ఇంట్లో, వాళ్ళమ్మ పక్కన పడుకున్నాను. కళ్ళు మూసుకుంటే ముడుచుకున్న ఆకులే కనబడ్డాయి.

కరెంటు మర్నాడు తొమ్మిది దాటాక వచ్చింది. పలక వెల్డింగ్ చేసి, మళ్ళీ గాలి తీసి, గేరు వేస్తే చప్పుడు లేకుండా పడింది. పెడల్ నా కాలి కింద మెత్తగా దిగింది. పదకొండున్నరకు బయల్దేరాం. పోయేముందు ఖాదర్ ఒక హెచ్చరిక చేశాడు.

"కింది సిలిండర్ లోపల తుప్పు గీతలు ఉండాయక్కా. రబ్బరు కొత్తదే ఏసినా. ఊరికూరికే తొక్కొద్దు." ఒక డబ్బా ఆయిల్ ఓబులేసు చేతికిచ్చాడు.

కొడికొండ దగ్గర పెద్ద రోడ్డెక్కాం. గంటసేపు అంతా సాఫీగానే సాగింది. ఓబులేసును అడిగాను, రేకు సంగతి చెప్పకుండా ఊరుకుని ఉంటే నీ పని సులువయ్యేది కదా అని. అతను రోడ్డు వైపే చూస్తూ అన్నాడు, "చూసినాక చెప్పకుండా ఎట్ల ఉంటారు?"

పెనుకొండ ఎత్తులో ఒక లారీ వెనక గేరు తగ్గించబోతే పెడల్ సగందాకా ఖాళీగా దిగింది. రెండోసారి తొక్కితే అందింది. రోడ్డు పక్కన ఆపి చూస్తే కింది సిలిండర్ నుంచి ఆయిల్ కారుతోంది. ఓబులేసు పైనుంచి పోశాడు. పదిమైళ్ళకు మళ్ళీ అదే. అనంతపురానికి ఇవతల టోల్ గేటు కనబడేసరికి పెడల్ నేలకు తగిలి అక్కడే ఉండిపోయింది. డబ్బాలో ఆయిల్ కూడా అడుగంటింది.

గేటు ముందు బండ్ల వరస. క్లచ్ లేకుండా ఆపాలంటే ఇంజను ఆర్పాలి. కదలాలంటే మొదటి గేరులోనే ఉంచి తాళం తిప్పాలి. స్టార్టర్ మోటారే బండిని ఈడ్చుకుపోతుంది, రెండు కుదుపులకు ఇంజను అందుకుంటుంది. అట్లా నాలుగుసార్లు చేసేసరికి బ్యాటరీ నీరసించింది. ఐదోసారికి మోటారు మూలిగి, ఎట్లాగో ఇంజను అందుకుంది. వెనక హారన్లు. నా చేతుల చెమటకు స్టీరింగు జారుతోంది. ఓబులేసు దిగి ముందుకు పరుగెత్తాడు. గేటు మనిషి చేతిలో డబ్బు పెట్టి ఏదో చెప్పి, కర్ర పైకి లేపించి పట్టుకున్నాడు. ఆగకుండా నడక వేగంతో దాటించాను. పక్కనే పరుగెత్తి ఎక్కాడు, ఊపిరి ఆడటంలేదు.

అక్కడినుంచి ఆపలేదు. గేరు మార్చాలంటే యాక్సిలరేటరు మీంచి కాలు ఎత్తి, ఇంజను చప్పుడు దిగేదాకా ఆగి, గేరు పళ్ళు కలిసే క్షణం చేతికి తెలిసినప్పుడు తోయాలి. ముందే తోస్తే కరకర, ఆలస్యమైతే పడదు. అనంతపురం ఊళ్ళోకి పోతే సిలిండర్ రబ్బరు దొరుకుతుంది, కానీ ఊళ్ళో సందుల్లో బండి ఆగిందంటే మళ్ళీ కదలదు. ఓబులేసును అడిగితే నడుపు వదినా, పోదాం అన్నాడు. కట్టెల వ్యాపారికి ఫోన్ చేశాడు. లారీ అప్పటికే బయల్దేరిందట. తాను వచ్చేదాకా చెట్టు ముట్టొద్దని చెప్పాడు. అవతల ఏమన్నారో నాకు వినబడలేదు.

గుత్తి కోట కొండ కనబడేసరికి ఐదు దాటింది. పెద్ద రోడ్డు దిగి మా ఊరి మట్టిదారి పట్టాను. తోటకు పోయే దారి ఎత్తుగా ఉంటుంది, ఆ దారి మొదట్లో లారీ అడ్డంగా నిలిచి ఉంది. రంపాలు దించి కింద పెట్టారు. ఎత్తు మీద ఆగితే ఆ బ్యాటరీతో మళ్ళీ లేవదు. హారన్ కొడుతూ మొదటి గేరులో అట్లాగే పోయాను. ఓబులేసు దూకి లారీ డ్రైవరు దగ్గరికి ఉరికాడు. లారీ వెనక్కి జరిగినప్పుడు దానికీ జీపుకూ మధ్య జానెడు సందు. అద్దంలో ఓబులేసు కూలీల మధ్య నిలబడి కనబడ్డాడు. మాట వినబడింది.

"మాట ఇచ్చింది నేనే, వెనక్కి తీసుకునేదీ నేనే. పోండప్పా."

తోట దాటి, మేం నీళ్ళు తెచ్చుకునే ఆ వేరేవాళ్ళ బోరు దగ్గర వాలు మీద జీపు ఆపాను. మా ఆయన ట్యాంకు నింపి ఉంచాడు. తగిలించి, పల్లం వైపు దొర్లించి ఇంజను అందుకునేలా చేశాను. ఆ సాయంత్రం వరసల మధ్య మొదటి గేరులో ఆగకుండా పోతుంటే, అన్నదమ్ములిద్దరూ పైపు పట్టుకుని వెనక నడిచారు. తూర్పు అంచున ఒక వరస అప్పటికే పోయింది. తక్కినవి వారానికి చిగురు పెట్టాయి. ఖాదర్ బస్సులో పంపిన కొత్త సిలిండర్ మూడోరోజుకు అందింది.

పాత బండికి వేరే ఇంజను వేయాలనుకునేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే: పైపు, పెడల్ పాతవైనా ఫరవాలేదు, కింది సిలిండర్ మాత్రం కొత్తది కొనండి. ఇక దారి సంగతి. చిలమత్తూరు నుంచి గుత్తి దాకా బస్సుల్లో ఎన్నోసార్లు తిరిగాను, అదంతా చదునైన మెట్ట నేలే అనుకునేదాన్ని. క్లచ్ లేకుండా ఒక్కసారి నడిపితే తెలిసింది, ఈ నేల ఎక్కడా చదునుగా లేదు. ఎక్కడ ఎత్తు మొదలవుతుందో, ఎక్కడ పల్లం మనల్ని మోస్తుందో ఇప్పుడు కళ్ళు మూసుకుని చెప్పగలను.