మా అన్న పథ్యం నేను విడిపించిన వైనం

బడిలో నేను శ్రద్ధగా నేర్చుకున్నది గోడ దూకడం ఒక్కటే. మూడో తరగతిలో బయటికి దూకినవాణ్ణి మళ్లీ లోపలికి దూకలేదు. అంతటి పండితుణ్ణి, యుద్ధం రోజుల్లో ఒకసారి వైద్యం చేశాను. ప్రాణం మీదికి వచ్చింది. నాకు కాదు, మా అన్నకు.

అన్నకు పేగుల్లో పుండ్లు. చెంబు చేతిలోనుంచి దిగేది కాదు, పోయినప్పుడల్లా నెత్తురు. బంగారుపాళ్యం మామిడితోటల్లో కొమ్మ కొమ్మా ఎక్కిన మనిషి, కాయలు కోసే దోటికర్రలా చిక్కిపోయాడు. చిత్తూరు డాక్టరు మాత్రలిచ్చి, కారం లేని మెత్తటి అన్నం పెట్టమన్నాడు.

"ఇది పొయ్యే జబ్బు కాదప్పా, నిద్రపొయ్యే జబ్బు. నెమ్మదించినా మాత్రలు మాన్పొద్దు" అని మరీ మరీ చెప్పాడు.

కొన్ని నెలలకు నెత్తురు ఆగింది. బుగ్గలు నిండాయి. మా వైపు జ్వరం తగ్గినవాడికి తలకు పోసి, కారంగా కూర వండిపెట్టి పథ్యం విడిపిస్తారు. జ్వరానికి చేసే మర్యాద పేగులకు ఎందుకు చేయకూడదు, మీరే చెప్పండి. వదిన వద్దని మొత్తుకుంది. "లంఖణం పరమౌషధమైతే, కోడికూర దానికి పెద్దన్న వదినా" అన్నాను. మాత్రల సీసా దిబ్బలో పారేసి, నాటుకోడిని కోయించి, మిరపకాయలు నేనే నూరాను. నా సంబరం చూసి కాదనలేక, అన్న సంగటి ముద్దతో తిన్నాడు. అతని కంట్లో నీళ్లు కారానికే అనుకున్నాను.

నా వైద్యం గురించి నేను ఊరంతా చెప్పుకోవడం పూర్తికాకముందే నెత్తురు మళ్లీ మొదలైంది. పెట్రోలు కరువుకు బొగ్గుతో నడిపే బస్సులో చిత్తూరికి ఎక్కించాను. ఆగడంలో బస్సుకూ అన్నకూ పోటీ. బస్సు ఆగినప్పుడు దిగినవారు తోశారు. అన్న కోసం ఆగినప్పుడు అందరూ తల పక్కకు తిప్పుకున్నారు. ఆఖరికి వదిన తన కొంగు అడ్డం పట్టింది.

డాక్టరు అరవలేదు. "కూర మాట అట్లుంచు. మాత్రలెందుకు పారేసినావు?" అన్నాడు.

అన్న బతికాడు. చెట్టు మాత్రం మళ్లీ ఎక్కలేదు. తోట గుత్తకిచ్చాం.

ఆస్పత్రి మంచం పక్కన రెండు చెవులూ పట్టుకుని, ఏడుకొండలవాడి సాక్షిగా, ఇకమీదట కుంటికోడికైనా వైద్యం చేయనని ఒట్టు పెట్టాను. అన్న కళ్లు తెరవకుండానే అన్నాడు:

"ఒట్లు ఎందుకులేరా. ఎట్లాగూ ఇంక ఈ జన్మలో కోడికూర తినేది లేదు. ఆ పొద్దు ఇంకో ముక్క ఏసింటే నీ సొమ్మేం పోయింటాదిరా, పిసినారోడా."