అమ్రాబాద్ పొయ్యిల కొలత

గౌలిగూడ బస్టాండులో పొద్దున ఆరున్నరకు అచ్చంపేట బస్సెక్కాను. టికెట్ పదిహేడు రూపాయలు, అదృష్టంకొద్దీ కిటికీ పక్క సీటు. అడవిలో కట్టెలు కొట్టడం, ఊళ్లో పొగ తగ్గాలని ఢిల్లీలో అనుకున్నారు. హైదరాబాదులో మా ఆఫీసు జిల్లాకు ఇన్ని పొగరాని పొయ్యిలని పంచింది. కట్టినవి కొలత ప్రకారం ఉన్నాయో లేదో చూసి రాయడం నా పని.

"ఏడికి సారూ?" అన్నాడు పక్కనున్న ముసలాయన. చెప్పాను.

"పొయ్యిలు జూసెటందుకు గూడ సర్కారు జీతమిస్తదా?" అని నిజంగానే ఆశ్చర్యపోయాడు. నాకు కొంచెం రోషం వచ్చింది.

పదిన్నరకు అచ్చంపేట. ఇడ్లీ చల్లారిపోయింది, చాయ్ మాత్రం బాగుంది. అక్కడ బస్సు మారి, ఘాటెక్కి అమ్రాబాద్ దగ్గర మొదటి ఊరు చేరేసరికి ఒంటిగంట. పొయ్యిలన్నీ కొలతకు సరిగ్గా ఉన్నాయి. ఒకదాంట్లో కోడి గుడ్లు పెట్టింది. ఆ ఇంటావిడ ఆరుబయట మూడు రాళ్ల మీద వండుకుంటోంది. 'సరి' అని రాసి లేచాను.

రెండో ఊళ్లో పొయ్యిలు కట్టింది మహబూబ్‌బీ. మహబూబ్‌నగర్‌లో ఆ పని నేర్చుకుని వచ్చిన మనిషి. ఈ ఊరు పాసైతే పక్క ఊరి పని కూడా ఆమెకే ఇస్తామన్నారట. కట్టెలు పెట్టే నోరు ప్రతి పొయ్యికీ కొలతకన్నా నాలుగు వేళ్లు ఎక్కువుంది.

"నాకెర్కనే సార్. గా కొలతకు జేస్తే నోరు ఇరుకైతది, జొన్నరొట్టె నిప్పుల పక్కన నిలవడదు. రొట్టె కాలకుంటె ఎవలు వాడుతరు?" అంది. పీట వేసి, వేడి రొట్టెలు, మిరపకాయ తొక్కు పెట్టింది. "జర జూడుండ్రి, పొగొస్తాందా?"

రాలేదు. అంతా గొట్టంలోంచి పైకి పోతోంది. రెండు రొట్టెలు తిని, చెయ్యి కడుక్కుని, అన్నిటికీ 'కొలత తప్పు' అని రాశాను. మనసొప్పక కింద అంచున 'వాడుతున్నవి మాత్రం ఇవే' అని చేర్చాను.

లాడ్జిలో దోమలతో గడిపి, మర్నాడు పదింటికి అచ్చంపేట ఆఫీసులో కాగితమిచ్చాను. అక్కడి అధికారి చదివి, అంచున ఉన్న వాక్యం కొట్టేశాడు.

"జిల్లాకు అంకెలే పోతయి సార్. గీ మాటకు జాగా లేదు."

"మరి ఆమెకు పక్క ఊరి పని?"

"మీరే తప్పని రాస్తిరి గద. ఎట్లిస్తం?"

పన్నెండు గంటల బస్సుకు తిరిగొచ్చాను. దారి పొడుగునా సిగ్గుగానే ఉంది. ఢిల్లీ నుంచి అమ్రాబాద్ దాకా ఆ కొలత ఎన్నో ఆఫీసులు దాటి వచ్చింది. దాన్ని చూసినవాళ్లలో రొట్టె చేయడం తెలిసిన మనిషి ఒక్కరూ లేరు. చివరికి ఒకామె దొరికితే, ఆమె పెట్టింది తిని, తప్పని రాసి వచ్చాను.