మునిరత్నమ్మ తెచ్చిన స్టీలు సామాను

చాలా ఏళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. ఏ సభలోనూ దాని గురించి మాట్లాడలేదు, ఏ వ్యాసంలోనూ రాయలేదు. ఇవాళ మీకు చెబుతాను. పేరు మాత్రం రాయను. మా వైపు వాళ్ళు పేరు లేకపోయినా నన్ను గుర్తుపడతారు. మిగతావాళ్ళకు నా పేరుతో పనిలేదు.

ఒక పెళ్ళిలో, నిండు సభలో, ఒక ఆవిడ తెచ్చిన మంచి గిన్నెను నాసిరకం అన్నాను. నేను చేసిన తప్పు అదే. ఇంతేనా అని మీకు నవ్వు రావచ్చు. మొదట్లో నేనూ నవ్వి ఊరుకున్నాను.

నేను హేతువాదిని. గనుల ఊళ్ళో పుట్టి, వాదప్రతివాదాల మధ్య పెరిగినవాణ్ణి. కోలారు జిల్లాలో నేను మాట్లాడని ఊరు తక్కువ. ప్రశ్నించండి, పరీక్షించండి, ఆ తర్వాతే నమ్మండి అని గొంతు పోయేలా చెప్పేవాణ్ణి. దొంగబాబాలు పళ్ళెంలో సూదిని కదిలించి మహిమ అంటుంటే, ఆ పళ్ళెం కింద దాచిన అయస్కాంతాన్ని బయటికి లాగేవాణ్ణి. అలా నా జేబులోకి కూడా ఒక అయస్కాంతం వచ్చి చేరింది. జనం దాన్ని చూడగానే చప్పట్లు కొట్టేవారు. ఆ చప్పట్లు నాకు ఇష్టం. ఈ మాట ఇంతకుముందు ఎక్కడా ఒప్పుకోలేదు.

రాబర్ట్‌సన్‌పేటలో ఒక పెళ్ళి. పురోహితుడు లేడు, ముహూర్తం లేదు. పెళ్ళికొడుకు శంకర్ మా సంఘం కుర్రవాడు. దండలు మార్పించి, నాలుగు మాటలు చెప్పడానికి నన్ను పిలిచారు. మంత్రాలు మానేశారు గానీ చదివింపులు మానలేదు. ఎవరు ఏం తెచ్చారో ఒకతను మైకులో చదువుతూ ఉన్నాడు. శంకర్ మేనత్త మునిరత్నమ్మ, బైరకూరు నుంచి, స్టీలు వంటసామాను అని చదివాడు. ఆమె రెండు ఆవులు పెట్టుకుని బతికే మనిషి. గిన్నెలను కొత్త తుండుగుడ్డలో మూటగట్టి వేదిక దాకా తానే మోసుకొచ్చింది. అందరికీ కనబడేలా మూట విప్పింది. దీపాల కింద ఆ గిన్నెలు తళతళలాడాయి. జనం మెడలు చాచి చూశారు.

నాకు ఒళ్ళు మండింది. పూజలు వదిలి మెరుపుకు మొక్కుతున్నారా అనుకున్నాను. నిజంగా అదేనా నా కోపం? అప్పటిదాకా నా మాటలు వింటున్న జనం ఒక్కసారిగా గిన్నెల వైపు తిరిగారని కాదూ? ఇప్పుడు అడిగితే గట్టిగా కాదనలేను.

మైకు అందుకున్నాను. మెరిసేదల్లా మంచి స్టీలు కాదు, కొనేముందు పరీక్షించారా అంటూ అన్నిటికంటే పెద్ద గిన్నెను బోర్లించి, జేబులోంచి అయస్కాంతం తీసి అడుగుకు పెట్టాను. టక్కున అంటుకుంది. మంచి స్టీలుకు అయస్కాంతం అంటదు, ఇది ఇనుము కలిసిన నాసిరకం, దుకాణాల వాళ్ళు మిమ్మల్ని ఇలాగే మోసం చేస్తారు అన్నాను. హాలంతా నవ్వింది. పెళ్ళికూతురి తరఫు ముసలాయన ఒకరు వెనక నుంచి అరిచారు.

"ఏమమ్మా మేనత్తా, పిల్లోడికి ఇనప గంప తెచ్చినావా?"

నవ్వు రెట్టింపైంది. నేనూ నవ్వాను.

భోజనాల దగ్గర ఆమె నా పక్కకు వచ్చి నిలబడింది.

"అప్పా, బంగారుపేటలో మూడంగళ్ళు తిరిగి తెచ్చినాను. అడుగు మందంగా ఉండాది, సంగటి మాడదు అనే కదా ఎక్కువ చెప్పినా తీసుకొన్యాను. ఇంత బరువుండేది నాసిరకం యాడ అవుతాదప్పా?"

"నేను చెప్పేదేముందమ్మా, అయస్కాంతమే చెప్పింది కదా. అది అబద్ధం ఆడదు."

"అది నోరు తెరవలేదులేప్పా. నవ్విచ్చింది నువ్వు."

అంతే అంది. ఆకు ముందు కూర్చోలేదు. సాయంత్రం బస్సు అందుకోవాలని చెప్పి వెళ్ళిపోయింది. ఆమె తినకుండా వెళ్ళిందని తెలిసీ నేను తిన్నాను. చిత్రాన్నం బాగుంది అని కూడా అన్నాను.

ఆ గిన్నెలను శంకర్ కాపురం పెట్టిన ఇంట్లో అటక ఎక్కించారని తర్వాత విన్నాను. ఆ ఇంట్లో ఆమెకు ఇనపత్త అని పేరు పడింది. మొదట పరాచికానికి, తర్వాత మామూలుగా. ఆమె అక్కడికి వెళ్ళడం తగ్గించి, కొన్నాళ్ళకు మానేసింది. తమ్ముడి కొడుకును చిన్నప్పుడు ఎత్తుకుని పెంచిన మనిషి, ఆ కొడుకు బిడ్డను చూడ్డానికి కూడా పోలేదు. ఇదంతా శంకరే నాతో చెప్పాడు, నవ్వుతూనే, నా వల్ల అన్నట్టు కాకుండా. ఆ మంచితనం తర్వాత్తర్వాత నాకు మరీ బరువైంది.

కానీ అప్పటికి నేను తప్పు చేశానని నాకు తెలియదు. తెలియకపోవడం నేరమా? పరీక్షించండి అని ఊరంతా తిరిగి చెప్పినవాడు తన పరీక్షను తాను ఒక్కసారైనా పరీక్షించకపోతే, అవును, నేరమే. ఎవరో చెప్పగా విన్నాను, నమ్మాను, నలుగురికీ చెప్పాను. మూఢనమ్మకం పుట్టే దారి వేరే ఉంటుందా?

కొన్నేళ్ళ తర్వాత కరెంటుతో నడిచే ఇండక్షన్ పొయ్యి కొందామని నా భార్య సరోజా నేనూ బంగారుపేట వెళ్ళాం. అంగడాయన ఒక గిన్నె బోర్లించి, సొరుగులోంచి అయస్కాంతం తీసి అడుగుకు పెట్టాడు. "ఇట్ల అంటుకుంటేనే సార్ ఈ పొయ్యి మీద కాగేది. అడుగులో మూడు పొరలుంటాయి. దీన్నే మంచి సామాను అంటారు" అన్నాడు. సరోజ నా ముఖం చూసింది. ఆ పెళ్ళికి తానూ వచ్చింది. రైల్లో ఊరికొచ్చేటప్పుడు, ఆయమ్మకు చెప్పొస్తారా అని మాత్రం అడిగింది. చూద్దాం అన్నాను.

ఇంటికొచ్చి పుస్తకాలు తిరగేశాను, తెలిసినవాళ్ళను అడిగాను. స్టీలును తుప్పు పట్టకుండా కాపాడేది ముఖ్యంగా క్రోమియం. అయస్కాంతం అంటుకుంటే స్టెయిన్‌లెస్ స్టీలు కాదనడం శుద్ధ తప్పు. అంటుకునే రకాల్లోనూ వంటకు పనికొచ్చేవి ఉన్నాయి. ఇంకా విచిత్రం, నికెల్ తగ్గించి మాంగనీసు పెంచిన చౌక రకానికి చాలాసార్లు అయస్కాంతం అంటనే అంటదు. అంటే నేను నేర్పిన పరీక్ష చౌకదాన్ని దాటించి, మందపు అడుగున్న దాన్ని వెనక్కి పంపుతుంది.

అప్పుడైనా వెళ్ళి చెప్పానా? లేదు. అసలు తప్పు ఇక్కడుంది, దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి. తెలిశాక కూడా మరికొన్ని సభల్లో అదే ఆట ఆడాను. జనం అడిగేవారు, నేను కాదనలేకపోయేవాణ్ణి. ఒక్క గిన్నె విషయంలో నేను తప్పని తేలితే నా తక్కిన మాటలన్నిటినీ కొట్టిపారేస్తారు, ఉద్యమానికి నష్టం అని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. బాబాలు కూడా తమ మహిమల గురించి ఇలాగే అనుకుంటారేమో. పళ్ళెం కింద దాచినది బయటపెట్టడం ఇతరుల విషయంలో ఎంత సులువు!

మొన్న రాబర్ట్‌సన్‌పేట బజారులో స్టీలు అంగడి ముందు నిలబడి ఉన్నాను. తల్లీకూతుళ్ళు కొత్త కాపురానికి సామాను కొంటున్నారు. ఫ్రిజ్‌కు అంటించే బొమ్మ అయస్కాంతం కూతురి చేతిలో ఉంది. మందపాటి గిన్నెలను పక్కన పెట్టి, తేలిక రకం ఏరుకుంటోంది. ఈ పరీక్ష నీకెవరు చెప్పినారమ్మా అని కూతురు తల్లిని అడిగింది. తల్లి అంది, "అప్పుడెప్పుడో మీటింగులో ఒక సారు చెప్పినాడులే. దేవుడికే భయపడని మనిషి, అబద్ధం చెప్తాడా?"

ముందుకు వెళ్ళి, ఆ సారు చెప్పింది తప్పమ్మా అన్నాను. అడుగు బరువు చూడండి, అంచు వేలికి గీసుకోకుండా మడిచి ఉందో లేదో చూడండి, పిడి కదులుతుందేమో లాగి చూడండి, ఏ రకం స్టీలో అడిగి బిల్లు మీద రాయించుకోండి అన్నాను. ఆ తల్లి నన్ను ఎగాదిగా చూసింది. "నీకేం తెలుసప్పా, ఆయన పెద్ద చదువు చదివినాడు" అంది. అయినా కూతురు ఒక మందపు గిన్నెను మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

మర్నాడు బైరకూరు వెళ్ళాను.

మునిరత్నమ్మ ఆవుకు గడ్డి వేస్తోంది. నన్ను గుర్తుపట్టింది. నిలబడే చెప్పాను. నువ్వు తెచ్చింది మంచి స్టీలు, తప్పు నాది, తెలిసి కూడా దాచాను అన్నాను. ఆమె చివరిదాకా విన్నది. చేతులు దులుపుకుంది.

"ఆ పొద్దు నవ్వినోళ్ళల్లో సగంమంది పోయినారప్పా. ఇంగ ఎవురికి చెప్తావు?"

క్షమించమని అడగలేదు, అడిగే హక్కు ఉందనిపించలేదు. ఆమె కూడా పరవాలేదులే అనలేదు. పాలు పిండే వేళైందని లోపలికి పోయింది. నేను బస్సెక్కాను. దారి పొడుగునా మామిడి తోటలు పూతమీద ఉన్నాయి. ఏమీ తేలకపోయినా, కిటికీ పక్కన కూర్చుని హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. ఇది నాకే ఆశ్చర్యం.

ఎవురికి చెప్తావు అని ఆమె అడిగింది కదా. శంకర్‌కు ఫోన్ చేసి, అతని భార్యకు కూడా వినబడేలా చెప్పాను. ఆ తర్వాత వాళ్ళు ఏం చేస్తారో నా చేతిలో లేదు. పోయినవాళ్ళకు చెప్పలేను. మిగిలినవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఆ రోజు ఆ హాల్లో నవ్వినవాళ్ళలో మీరుంటే, వినండి. ఆమెను ఎవరూ మోసం చెయ్యలేదు, ఆమె ఎవరినీ మోసం చెయ్యలేదు. తాను కొనగలిగినదానికంటే మంచిదే తెచ్చింది. అందరి ముందూ ఆమెను తలదించుకునేలా చేసింది నేను.

రాశాను. వంటింట్లోంచి సరోజ పిలుస్తోంది. చారు చల్లారిపోతుందట. ఆకలిగా ఉంది, వెళ్తాను.