బోగీ నచ్చని పద్మనాభయ్య

ముత్తుకూరు పద్మనాభయ్య సాధించిన మొట్టమొదటి విజయం తపాలా బిళ్లంత ఫొటో. కృష్ణపట్నం రేవు నుంచి బొగ్గు మోసుకుపోతున్న గూడ్సుబండి, దాని నెత్తిన తెల్లటి కొంగ. రైళ్ల పిచ్చివాళ్ల కోసం మద్రాసులో అచ్చయ్యే ఇంగ్లీషు మాసపత్రికకు ఏడేళ్లపాటు ఫొటోలు పంపి పంపి, చివరికి ఆ కొంగ పుణ్యాన తన పేరు అచ్చులో చూసుకున్నాడు. ఆ రోజు ఊరంతా మైసూర్‌పాకు పంచాడు. ఇంతటి రైలు భక్తుడికి ఒకే ఒక్క గుణం ఉంది. రైలెక్కడు. ఎక్కమంటే బోగీ నచ్చలేదంటాడు.

ఈ గుణంతో చిన్నపోలయ్య పడ్డంత బాధ ఇంకెవరూ పడలేదు. ఇద్దరూ ఊరి బడిలో ఒకే పలక మీద అక్షరాలు దిద్దినవాళ్లు. చిన్నపోలయ్య సామాన్యుడు కాడు. ఐదో తరగతి చదువుతోనే రెండుసార్లు సర్పంచిగా నెగ్గాడు. ఊరికి తారురోడ్డు తెచ్చాడు. ఆగకుండా పోయే కంపెనీ బస్సులకు అడ్డంగా నిలబడి వాటిని ఆపించాడు. ఒక కలెక్టరు గోంగూర పచ్చడి మూడుసార్లు మారు వడ్డించుకునేలా చేశాడు. ఈ వరస అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పి, చివర్లో మాత్రం గొంతు తగ్గించేవాడు.

"పద్మనాభంగాణ్ణి రైలెక్కించడం ఒకటే నా వల్ల కాలేదబ్బయా!"

ప్రయత్నించక కాదు. ఒకసారి చుట్టాలూ స్నేహితులూ అంతా కలిసి తిరుపతి ప్రయాణం కట్టారు. నెల్లూరు స్టేషన్లో బండి వచ్చి ఆగింది. పద్మనాభయ్య బోగీ కిందికి వంగి చూసి తల అడ్డంగా ఊపాడు.

"దీనికి స్ప్రింగులు మెత్తన. నడుం పట్టేస్తది."

"పోయినసారి గట్టిగా ఉండాయన్నావు గదరా!"

"అది వేరే బోగీ."

"మిగతావాళ్లకి లేని నడుం నీకే ఉందా?"

"మీకు తెలీక ఎక్కుతుండారు. నాకు తెలుసు, అందుకని ఎక్కను."

భార్య పెంచలమ్మను వెంటబెట్టుకుని బస్సులో వచ్చాడు. వాళ్లు కొండకు చేరేసరికి మిగతావాళ్లు దర్శనం చేసుకుని, గుండ్లు కొట్టించుకుని, లడ్డూలు సగం తినేశారు. ఇంకోసారి ఇంజను మొహం అలిగినట్టుందన్నాడు. మరోసారి డ్రైవరు కూత కొట్టిన తీరులో శ్రద్ధ లేదన్నాడు. పాత సంచికలు కొనడానికి మద్రాసుకు కూడా బస్సులోనే పోయేవాడు. రైలు పుస్తకాల మూటకు బస్సులో పక్క సీటు టిక్కెట్టు తీసిన మనిషి ఈ భూమ్మీద ఇంకొకడుంటే చూపించండి!

ఆ పుస్తకాలు ఇంట్లో గోడలకు ముందు గోడలై లేచాయి. మంచం కింద అవే, గాదె పక్కన అవే. దేవుడి పటం సగం కనిపించేది. సముద్రపు గాలికి కాగితం చెమ్మగిల్లుతుందని ఎండ పొడ కనిపిస్తే చాలు, మిద్దె మీద పరిచేవాడు. పెంచలమ్మ వడియాలు మాత్రం పక్కింటి మిద్దెకు పోయేవి. ఆ పుస్తకాలతో ఆయనకు చివరి సాకు కూడా దొరికింది.

"నేను బండెక్కి పోతే ఈటికి చెద పడుద్ది. ఎవురు చూసేది?"

ఇలా సాగుతుండగా ఆ పత్రికవాళ్ల దగ్గర నుంచి ఫోను వచ్చింది. మద్రాసు వరదల్లో వాళ్ల పాత సంచికలన్నీ నానిపోయాయట. మొదటి సంచిక నుంచి వరుసగా దాచినవాళ్లు ఎవరున్నారని వెతికితే ముత్తుకూరు పద్మనాభయ్య ఒక్కడే తేలాడు. రైలు పార్సిల్లో పంపండి, అన్నీ కంప్యూటరుకు ఎక్కిస్తామన్నారు.

"పార్సిలు బోగీ ఏది?" అన్నాడు పద్మనాభయ్య అలవాటుగా.

చిన్నపోలయ్య తల పట్టుకుని, ముత్తుకూరు సెంటర్లో జిరాక్సు షాపు నడిపే అబిగయీలును పిలుచుకొచ్చాడు. ఆమె స్కానరు మిషను ఆ ఇంటి వసారాలోకి దిగింది. వానాకాలమంతా అదే పని.

"పెదనాయనా, ఈ ప్రకటనల పేజీలు కూడా తియ్యాల్నా? సబ్బులూ గడియారాలే గదా."

"తియ్యాల్సిందే తల్లీ. ముఖచిత్రం ఇంజను, లోపలివి బోగీలు, వెనకట్ట గార్డు పెట్టె. మధ్యలో బోగీ ఊడితే అది బండా?"

పని ముగిశాక పత్రికవాళ్లే వ్యాను పంపించి, కాగితం సంచికలను తమ ఆఫీసులో భద్రపరచడానికి తీసుకుపోయారు. ఇల్లు ఒక్కసారిగా పెద్దదైంది. దేవుడు పూర్తిగా దర్శనమిచ్చాడు. అన్ని గోడల పుస్తకాలూ అబిగయీలు చేతికిచ్చిన పలకంత ట్యాబులో ఇమిడిపోయాయి. వేలితో గీస్తే కొంగ ఫొటో కిటికీ అంత పెద్దదై నిలిచింది. పద్మనాభయ్య అబిగయీలుకు చేతులెత్తి మొక్కబోతే ఆమె, "నాకెందుకు పెదనాయనా, అన్నేళ్లు చెదలకి దక్కనియ్యకుండా కాపాడింది నువ్వు," అని ఆ చేతులు దించింది.

ఆ వారమే విశాఖపట్నం నుంచి పిలుపు. రైలు అభిమానుల సభలో పద్మనాభయ్యకు శాలువా కప్పుతారట. మొగుడూ పెళ్లాలకు రానూపోనూ టిక్కెట్లు పంపారు. చిన్నపోలయ్య వసారాలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"ఇప్పుడు చెప్పరా. చెద పట్టడానికి ఇంట్లో పుస్తకమే లేదు. నీ లైబ్రరీని చంకలో పెట్టుకుని పోవచ్చు."

పద్మనాభయ్య టిక్కెట్టును తిప్పి తిప్పి చూశాడు. "ఏ బోగీ..." అని మొదలుపెట్టాడు.

"బోగీ అన్నావంటే చూడు! శాలువా కప్పుతామంటే కూడా పోకపోతే, నీకు రైలంటే పిరికని ఊరంతా దండోరా వేయిస్తా!"

"అన్నా, ఆపు," అంది పెంచలమ్మ గడపలో నుంచి. "పిరికిది నేను. ఆయన కాదు."

చిన్నపోలయ్య కాలు కిందికి దిగింది.

"చిన్నప్పుడు గూడూరు స్టేషన్లో మా నాయన నీళ్లు పట్టకొస్తానని దిగినాడు. బండి కదిలిపోయింది. నాయుడుపేటలో ఎవురో దించిందాకా ఒక్కదాన్నే ఏడస్తానే ఉండా. పెళ్లైన కొత్తల్లో ఈయన మద్రాసుకి టిక్కెట్లు తీసినాడు. నెల్లూరు స్టేషన్లో కూత ఇనంగానే స్తంభాన్ని కరుచుకున్నా, వదల్లా. ఇంటికొస్తే మా అత్త, ఎందుకు పోలేదని అడిగింది. నన్ను చూసి నవ్వుతారని ఈయన, 'బోగీ నాకు నచ్చలా' అన్నాడు. ఆ మాటే ఇయ్యాల్టిదాకా అంటానే ఉండాడు."

పద్మనాభయ్య టిక్కెట్టు మీది నుంచి చూపు ఎత్తకుండానే అన్నాడు.

"అట్టా ఏం కాదులే... ఆ బోగీ కూడా అంత బాగాలేదు."

"ఒరేయ్, నువ్వొక్కడివన్నా ఎక్కి పొయ్యుండొచ్చు గదరా! నీ మనసంతా ఆడనే ఉండె!" అన్నాడు చిన్నపోలయ్య.

"ఒక్కణ్ణి కిటికీ పక్కన కూసోని, అదిగో సిగ్నలని ఎవురికి చూపించేది?"

పెంచలమ్మ కొంగుతో మొహం తుడుచుకుని నవ్వింది. "ఇన్నాళ్లు నా భయాన్ని నువ్వు మోసినావు, చాల్లేవయ్యా. నా మూలంగా నీకు శాలువా పోగూడదు. పోదాం. ఒకటే మాట. దావలో నీళ్లకని ఏ స్టేషన్లోనూ దిగగూడదు."

ప్రయాణం రోజున చిన్నపోలయ్య పెళ్లిళ్లలో పెట్టే పెద్ద నీళ్ల టిన్ను భుజాన వేసుకుని ప్లాట్‌ఫారం మీదికి వచ్చాడు. టీ అమ్మేవాడు నోరు తెరిచాడు.

"ఏంది పెద్దాయనా, బండిలో పెళ్లా?"

"పెళ్లి ఎప్పుడో అయింది. ప్రయాణం ఇప్పుడు."

బండి కదిలింది. కిటికీ దగ్గర పెంచలమ్మ కళ్లు గట్టిగా మూసుకుని, ఒక చేత్తో ఒళ్లో ట్యాబునూ, ఇంకో చేత్తో మొగుడి చొక్కానూ పట్టుకుని ఉంది. ప్లాట్‌ఫారం చివర ఆమె ఒక కన్ను తెరవడం చిన్నపోలయ్య చూశాడు. పద్మనాభయ్య ఊచల్లోంచి చెయ్యి ఊపుతూ కేక పెట్టాడు.

"పోలయ్యా! బోగీ బ్రహ్మాండంగా ఉందిరా!"

ఇప్పుడు చిన్నపోలయ్య పద్మనాభయ్య మిద్దె మీద ఉన్నాడు. పుస్తకాలు ఎండిన చోట పెంచలమ్మ పెట్టిపోయిన వడియాలు ఎండుతుంటే కాకులు తోలుతున్నాడు. దారినపోయేవాళ్లను ఆపి తారురోడ్డు నుంచి మొదలుపెడతాడు. కలెక్టరు గోంగూర అయ్యాక, "పద్మనాభంగాణ్ణి రైలెక్కించినా," అంటాడు. వెంటనే, "నేను కాదులే, మా చెల్లెమ్మ," అని సర్దుకుంటాడు. పద్మనాభయ్య కోసం వచ్చేవాళ్లకు పదే పదే చెప్పలేక, ఆ ఇంటి తలుపు మీద సుద్దముక్కతో పెద్ద అక్షరాలు రాసిపెట్టాడు:

"పద్మనాభయ్య గారు సతీసమేతంగా రైల్లో ఉన్నారు. తిరిగి వచ్చేది జనవరి ముప్పై."