సారా తాగింది నేను కాదు

ఆ రోజుల్లో జరిగిన చాలా సంగతులు రాయకుండా వదిలేసినా నష్టం లేదు. ఇది మాత్రం రాయక తప్పదు. ఈమధ్య మొయినాబాద్‌లో ఒక పెళ్లి విందులో, చర్చి పెద్దగారి కొడుకునై ఉండి నేను వయసులో సారా తెచ్చుకుని తాగానని ఎవరో చెబుతుంటే నా చెవులారా విన్నాను. సారా తెచ్చిన మాట నిజం. తాగినవి మాత్రం పురుగులు.

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం నడుస్తున్నది. మెట్రిక్‌తో చదువాపిన నేను ముడిమ్యాల నుంచి సైకిల్ మీద చేవెళ్ల గ్రంథాలయానికి వెళ్లి దొరికిందల్లా చదివేవాణ్ణి (అర్థమైనదీ, కానిదీ). అప్పుడే మా కాక (చిన్నాన్న) పురుగుల మందు సంచిని మా బావి గట్టు మీద దులిపాడు. తెల్లటి పొడి కొంత నీళ్ల మీద తేలింది. బాపు ఆ నీళ్లు ముట్టొద్దన్నాడు. దాంతో మా అవ్వ (అమ్మ) మోకాళ్ల నొప్పితో ఊరవతలి బావి నుంచి బిందెలు మోయవలసి వచ్చింది. నీళ్లు చెడ్డాయో లేదో నేను తేలుస్తానన్నాను.

ఒక ఇంగ్లీషు పుస్తకంలో దారి దొరికింది. కుంటల్లో ఆవగింజంత పురుగులు గెంతుతుంటాయి (మేం ఎగురుడు పురుగులనేవాళ్లం). వాటిని గ్లాసుల్లో వేసి, మందు కలిపి, బతికాయో చచ్చాయో చూడాలి. నీళ్లల్లో కరగని మందైతే ముందు ఆల్కహాల్‌లో కరిగించి చుక్కలుగా వేయాలట. అంతవరకు చదివానో లేదో వీధిలో నినాదాలు వినిపించాయి. "బంద్ రా బాబూ, లెవ్వు!" అంటూ గ్రంథాలయం సారు నా చేతిలోని పుస్తకం మూసేశాడు.

ఆల్కహాల్‌కు నిఘంటువులో మద్యసారం అని ఉన్నది. ముడిమ్యాలలో అది సారా అమ్మే సీసాల మామ దగ్గర తప్ప మరెక్కడ దొరుకుతుంది? కాక సంచిలోని పొడిని సారాలో కలిపి, పురుగులు వేసిన కుంటనీళ్ల గ్లాసుల్లో ధారాళంగా పోశాను. తెల్లారేసరికి పురుగులన్నీ అడుగున పడి ఉన్నాయి.

"నీళ్లు చెడినయ్ బాపు. అన్ని సచ్చినయ్," అన్నాను.

బాపు బావి చుట్టూ ముళ్లకంప వేయించాడు. అవ్వ బిందెలు మోస్తూనే ఉంది.

బంద్ ఎత్తేశాక వెళ్లి తర్వాతి పేజీ తిప్పాను. ఒక గ్లాసులో మందు లేకుండా ఉత్త ఆల్కహాల్ వేసి కూడా చూడాలని రాసి ఉన్నది. ఇంటికొచ్చి అట్లాగే చేశాను. ఆ పురుగులూ చచ్చాయి. ఇంతలో వాసన పట్టి బాపు వచ్చాడు.

"ఇంట్ల గీ సారా వాసనేందిరా? గీ గిలాసల మందున్నదా?"

"లేదు బాపు. ఉత్త సారానే."

"మరి ఇవి గూడ సచ్చినయ్ గద!"

"సారాకే సచ్చినయ్."

"అయితే మన బాయి నీళ్లల్ల?"

"బాయి నీళ్లల్ల… ఇంకా ఎయ్యలేదు బాపు."

తలుపు దగ్గర అవ్వ బిందె దించింది. "మరి గిన్ని దినాలు నాతోని నీళ్లెందుకు మోపిచ్చినవ్‌రా, సదువుకున్నోడా?"

ఆ రోజే బావి నీళ్లు చేది పురుగులు వేశాను. మర్నాటికీ హాయిగా గెంతుతున్నాయి. అయినా బాపు నమ్మక మోట కట్టించి పాత నీళ్లన్నీ తోడించాడు, కొత్త ఊటలోనూ నాతో పురుగులు వేయించాడు. అవి బతికాకనే అవ్వ చేద వేసింది. మిగిలిన సారాను బాపూ నేనూ పెంటకుప్ప మీద పారబోస్తుంటే గోడ మీది నుంచి ఎవరో చూశారు. పెళ్లి విందులో నేను విన్న కథ అక్కడే పుట్టింది.

ఆ పుస్తకాన్ని ఇంకెవరికీ ఇవ్వకుండా బల్ల కింద దాచిపెట్టిన గ్రంథాలయం సారుకు, ఎందుకని అడగకుండా సీసా ఇచ్చిన సీసాల మామకు, సంచి దులిపి నన్ను శాస్త్రవేత్తను చేసిన కాకకు, పెంటకుప్ప దాకా తోడొచ్చిన బాపుకు, నా చదువు బరువంతా మోసిన అవ్వకు కృతజ్ఞతలు. గ్లాసుల అడుగున పడిపోయిన ఆ ఎగురుడు పురుగులకు కూడా. ఇప్పటికీ చదువుతూ చదువుతూ పుస్తకం మూయవలసి వస్తే, తర్వాతి పేజీ ఒకసారి తిప్పి చూసిగానీ లేవను. అవ్వ ఉంటే నవ్వేది.